వినే వేషం

మొన్న హైదరాబాదులో సురభి వాళ్ళ నాటకానికి వెళ్ళాను. ఇంకా మొదటి గంట కొట్టలేదు. తెలిసిన కుర్రాడొకడు రంగం వెనక్కి తీసుకెళ్ళాడు. ఒకాయన చేతి అద్దం ముందు కూర్చుని మీసం అతికించుకుంటున్నాడు. పక్కనున్న సీసా మూత తీశాడో లేదో స్పిరిట్ గమ్ వాసన గుప్పుమంది. కొంచెం సారా, కొంచెం గుగ్గిలం కలిసిన వాసన అది. ఆ తర్వాత నేను నాటకం సరిగా చూడనేలేదు. తెనాలిలో మా పాత ఇల్లు, వెనక వసారా, అటకమీది రేకు పెట్టె, దాన్ని కిందికి దించి తుడుచుకుంటున్న మా తాతయ్య. రాత్రంతా అవే.

మా తాతయ్య మూకీ నటుడు. మాటలు రాని రోజుల్లో మద్రాసు వెళ్ళి సినిమాల్లో వేషాలు వేసిన మనిషి. హీరో కాదు. సేనాపతి, దొంగల నాయకుడు, రాకుమారుడి స్నేహితుడు, రథం తోలేవాడు, ఇలాంటివి. తెనాలి గోదాలో సాము గరిడీ నేర్చిన ఒళ్ళు. గుర్రం ఎక్కడం, కర్ర తిప్పడం, మేడ మీంచి దూకడం వచ్చు. అప్పటి కంపెనీలకి కావలసింది అదే. పద్యం వచ్చా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. తర్వాత అడిగారు. ఈ కథంతా ఆ అడగడం గురించే.

* * *

నాకు ఊహ తెలిసేనాటికే ఆయన సినిమాలు మానేసి చాలా కాలమైంది. అయినా పొద్దున్నే కాలువ నించి స్నానం చేసొచ్చి, వసారా స్తంభానికి చిన్న అద్దం తగిలించి, కళ్ళతో సాధన చేసేవాడు. తల కదలకూడదు. కుడి కనుకొలకు, ఎడమ కనుకొలకు, పైకి, కిందకి. తర్వాత కనుబొమలు. తర్వాత ఒక్క పెదవి కొస. నాయనమ్మ కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయేది. ఆ సమయంలో ఆయనతో మాట్లాడకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. మేం పిల్లలం మాత్రం తలుపు చాటునించి ఆయన చేసినట్టే చేసి, కళ్ళు నొప్పెట్టి నవ్వుకునేవాళ్ళం.

రేకు పెట్టెలో స్పిరిట్ గమ్ సీసా, జడలా అల్లిన జుట్టు, ఎండిపోయిన రంగు డబ్బాలు, అంచులు చిట్లిన ఫొటోలు ఉండేవి. ఒక ఫొటోలో ఆయన పెదవులు నల్లగా ఉన్నాయి. అడిగితే చెప్పాడు: అప్పటి ఫిల్ముకి ఎరుపు రంగు కనబడదు, ఎర్రగా ఉన్నదంతా తెరమీద నల్లబడుతుంది. అందుకని పెదవులకు ఎరుపు ఎంత వెయ్యాలి, బుగ్గలకు ఏం పూయాలి, అదంతా వేరే విద్య. తర్వాత ఫిల్ము మారింది, ఆ విద్యతో పని లేకుండా పోయింది.

షూటింగు కబుర్లు వేసవి రాత్రుళ్ళు డాబామీద పడుకున్నప్పుడు చెప్పేవాడు. ఎండే వాళ్ళకి దీపం. సెట్టుకి పైకప్పు ఉండదు, పల్చటి తెల్లగుడ్డ పరిచేవారు. మబ్బు పట్టిందంటే రాజూ, రాణీ, రాక్షసుడూ అందరూ చెట్టుకింద చేరి వేరుశనక్కాయలు తినాల్సిందే. మబ్బు విడగానే కేకలు. కెమెరామన్ నోట్లో లెక్క పెట్టుకుంటూ చేత్తో హాండిలు తిప్పేవాడు, సెకనుకి పదహారు బొమ్మలు, కాస్త అటూ ఇటూ. టేకు నడుస్తుండగానే డైరెక్టరు పక్కనించి అరుస్తూ ఉండేవాడు. "వాడొస్తున్నాడు! చూశావు! నమ్మలేకపోయావు! ఇప్పుడు కత్తి తియ్!" ఏడుపు సీనైతే ఓ మూల హార్మోనీ వాయించేవాడు కూర్చునేవాడు. హీరోయిన్ ఆంగ్లో ఇండియన్ అమ్మాయి, ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడేది. విలన్ అరవంలో తిట్టేవాడు. తాతయ్య తెలుగులో జవాబిచ్చేవాడు. తెరమీదికి వచ్చేసరికి ముగ్గురి మాటలూ పోయి, టైటిల్ కార్డుమీద రాసినదే వాళ్ళ మాట అయ్యేది.

ఒక సంగతి ఆయనకి బాగా కోపం తెప్పించేది. తర్వాతి రోజుల్లో పాత మూకీ ముక్కలు ఎక్కడైనా వేస్తే మనుషులు చకచకా బొమ్మల్లా పరిగెత్తేవాళ్ళు, జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. పదహారుకి తీసినదాన్ని టాకీ మిషనుమీద ఇరవై నాలుగుకి వేస్తే అంతే మరి. "మేమలా పరిగెత్తలేదమ్మడూ. మేం చాలా నెమ్మదిగా నడిచేవాళ్ళం. అంత నెమ్మది ఇప్పుడెవరికీ చేతకాదు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు గొంతు వణికేది.

* * *

సాయంత్రాలు మా ఇంటికి ఇంకో పెద్దాయన వచ్చేవాడు. బట్టలకొట్లో గుమాస్తాగా చేసి మానేసినాయన. మేం కథల తాత అనేవాళ్ళం. మూకీ రోజుల్లో ఆయన డేరాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు. టైటిల్ కార్డులు చదవగలిగినవాళ్ళు ఆ డేరాలో ఎంతమంది ఉంటారు? నేలమీద కూర్చున్నవాళ్ళకి కార్డు పడగానే ఇతను గట్టిగా చదివి వినిపించాలి. అక్కడితో ఆగేవాడు కాదు. రాజు గొంతుతో గర్జించి, రాణి గొంతుతో వాపోయి, కార్డుమీద లేనివి కూడా కల్పించి చెప్పేవాడు. పక్కన హార్మోనీ, తబలా. వెనక ప్రొజెక్టరు గరగర. మధ్యలో రీలు మార్చడానికి ఆపినప్పుడు సోడాలమ్మే కుర్రాళ్ళ గోల.

తాతయ్య తన బొమ్మ తనే చూడ్డానికి ఊరూరా డేరాలకి వెళ్ళేవాడట. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆయనకో కొత్త గొంతు. గుంటూరులో కంచుకంఠం. రేపల్లెలో కీచుగొంతు. ఒంగోలు వైపు ఒకాయన సేనాపతి చేత గ్రాంథికం మాట్లాడిస్తే, ఇంకో ఊళ్ళో పశువుల సంతలో బేరగాడి మాటలు చెప్పించాడు. తెనాలిలో మాత్రం ఎప్పుడూ కథల తాతే. "నాకు బాగా నప్పిన గొంతు వీడిదే" అని తాతయ్య అందరికీ చెప్పేవాడు. కథల తాత సిగ్గుపడి పొడుం డబ్బా తీసేవాడు.

ఆ రోజుల గురించి రాసేవాళ్ళు మూకీల్ని నిశ్శబ్ద చిత్రాలు అంటారు గానీ, ఈ ఇద్దరి మాటలూ విని పెరిగిన నాకు ఆ పేరు ఎప్పుడూ సరిగా తోచలేదు. డేరాలో నిశ్శబ్దమన్నది లేనేలేదు. లేనిదల్లా నటుడి సొంత గొంతు.

* * *

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాల్లో ఆలం ఆరా ఆడింది, మన దేశంలో మొదటి టాకీ, అంటే మాటలొచ్చిన సినిమా. జనం ఎంత విరగబడ్డారో, పోలీసులు ఎలా రావలసి వచ్చిందో తాతయ్యకి పేపర్ల ద్వారానే తెలుసు. కానీ అక్కడినించి వచ్చిన టెక్నీషియన్లు చెప్పిన కబుర్లు ఆయన చూసినట్టే చెప్పేవాడు. ఇంపీరియల్ స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది. పగలు మాట రికార్డు చేస్తే రైలు కూడా అందులో పడుతుంది. అందుకని రైళ్ళు ఆగిపోయిన అర్ధరాత్రి వేళ తీసేవారు. మైకుల్ని నటుల చుట్టుపక్కల కెమెరాకి కనబడకుండా దాచేవారు. ఆ సినిమా హీరో మాస్టర్ విఠల్, మూకీల్లో కత్తియుద్ధాలకి పెట్టింది పేరు. ఆయన ఉచ్చారణ కుదరక చాలా సీన్లలో సగం స్పృహలో ఉన్నట్టు చూపించారని చెప్పుకునేవాళ్ళు. ఆ ముక్క చెప్పేటప్పుడు తాతయ్య నవ్వగా నేను చూడలేదు. "అంతటి వాణ్ణి పడుకోబెట్టారు" అని ఊరుకునేవాడు.

ఆ వెంటనే తెలుగులో మొదటి టాకీ, మన హెచ్.ఎం. రెడ్డిగారి భక్త ప్రహ్లాద వచ్చింది, 1932 మొదట్లో. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ఇద్దరూ నాటకాల మనుషులు. ఇక దారి తెలిసిపోయింది. అప్పటికింకా ప్లేబ్యాక్ లేదు, కలకత్తాలో 1935లో వచ్చిందాకా ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి. కెమెరాకి కనబడకుండా హార్మోనీ, తబలా పెట్టుకుని, నటిస్తూనే పాడాలి. కాబట్టి కంపెనీలు గోదాలకి వెళ్ళడం మానేసి నాటక సమాజాలకి వెళ్ళడం మొదలెట్టాయి.

తాతయ్య పనిచేసిన మూకీ కంపెనీ మూతపడింది. ఆయన తెనాలి వచ్చేశాడు. నాయనమ్మకి అప్పటికి పెద్ద కొడుకు, అంటే మా నాన్న, చంకలో ఉన్నాడు. కౌలుకి పొలం చూసుకోమని బంధువులు చెప్పారు. ఆయన ఒక నాటకాల హార్మోనిస్టు దగ్గర చేరాడు. తెల్లారకముందే కాలువగట్టుకి వెళ్ళి, నీళ్ళలో నడుముదాకా దిగి, అక్షరాలు పలికేవాడు. క, ఖ, గ, ఘ. వత్తు ఒత్తుగా పలకాలి, అవతలి గట్టుకి వినబడాలి, కానీ అరవకూడదు. ఇంటికొచ్చి ఖాళీ కుండలో మూతి పెట్టి పలికి, తన గొంతు తనే వినేవాడు. టేపు రికార్డర్లు లేని కాలం, తన గొంతు వినడానికి వేరే దారేది? ఆ కుండని నాయనమ్మ చాలా ఏళ్ళు పారెయ్యలేదు.

మాట వచ్చింది. శ్రుతి రాలేదు. ఎంత కష్టపడినా రాగం తీస్తే గొంతు జారిపోయేది. గురువుగారు చివరికి, "నువ్వు వచనం చెప్పు, నాయనా. పద్యం జోలికెళ్ళకు" అన్నారట. పద్యం లేకుండా ఆ రోజుల్లో పౌరాణికంలో వేషమేముంటుంది?

* * *

అయినా వెళ్ళాడు. 1934కల్లా మద్రాసులోనే టాకీలు తీయడం మొదలైంది. కీల్పాక్‌లో ఎ. నారాయణన్ గారి శ్రీనివాసా సినీటోన్ వచ్చింది. అక్కడ శబ్దం పట్టినావిడ ఆయన భార్య మీనాక్షీ నారాయణన్. ఈ సంగతి తాతయ్య మనవరాళ్ళందరికీ ప్రత్యేకంగా చెప్పేవాడు. "మిషను ముందు ఆడమనిషి కూర్చుని, ఊఁ, ఇంకోసారి అంటే మగమహారాజులంతా మళ్ళీ పాడేవాళ్ళు" అని.

టాకీలో ఆయనకి అడ్డం వచ్చింది గొంతొక్కటే కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది, ఎందుకంటే మూకీ నటుల గురించి ఎవరు రాసినా గొంతు బాగోక దెబ్బతిన్నారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆయన్ని కట్టిపడేసింది మైకు కింద నేలమీద సుద్దతో గీసిన గీత. అది దాటితే మాట అందదు. మూకీలో కోపం వస్తే నాలుగంగల్లో సభంతా దాటేవాడు. ఇప్పుడు కోపం వచ్చినా అక్కడే నిలబడాలి. మొదటిరోజు అలవాటు కొద్దీ ఆసనం మీంచి ఒక్క ఉదుటున లేచాడట. భుజకీర్తులు, కడియాలు, మొలనూలు అన్నీ ఘల్లుమన్నాయి. టేకు పోయింది. తర్వాత నగల్లో దూది కుక్కారు, చెప్పుల కింద గుడ్డ కుట్టారు. ఫాన్లు ఆపేసేవారు, చప్పుడౌతుందని. దీపాల వేడికి రంగు కరిగి కంట్లోకి కారేది, తుడుచుకోవడానికి వీల్లేదు. ఇంతా చేసి పద్యం చివరి పాదంలో కాకి అరిచేది. మద్రాసు కాకులు ఎన్ని టేకులు తినేశాయో!

డైరెక్టరు కూడా మూగవాడయ్యాడు. పక్కనించి అరవడానికి లేదు కదా. "ఎవరూ ఏమీ చెప్పకుండా ఎలా ఏడవాలో మొదటి నెలంతా తెలీలేదు" అనేవాడు తాతయ్య.

* * *

ఆయనకి మళ్ళీ అన్నం పెట్టిన వేషం ఎలా దొరికిందంటే, బల్లెం పట్టుకుని స్తంభం పక్కన నిలబడితే దొరికింది.

ఏదో పౌరాణికం. పేరున్న నాటక నటుడు పద్యం ఎత్తుకున్నాడు. నాలుగు పాదాలూ, ఆపైన రాగం, స్టేజీమీద అయితే వన్స్‌మోర్ పడేంత రాగం. కెమెరా ఒక్కచోటే. ఎదురుగా సింహాసనం మీద ఉన్నాయన కూడా నాటకాల మనిషే. తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు, మధ్యమధ్య ఎదుటివాడి పద్యం తనూ పెదాలతో అనేస్తున్నాడు. మర్నాడు ఆ బొమ్మ వేసి చూసుకుంటే సీను చచ్చిపోయి ఉంది. అందులో పద్యం వింటున్న మనిషి ఒక్కడే కనిపించాడు. డైరెక్టరు అడిగాడట, "ఆ స్తంభం పక్క బల్లెం పట్టుకున్నవాడెవడు?" అని.

అక్కణ్ణించి ఆయనకి వినే వేషాలు వచ్చాయి. మంత్రి, రాజు స్నేహితుడు, వార్త విని కూలిపోయే ముసలి తండ్రి. చెప్పేవాడికి పద్యం, ఈయనకి మొహం. ఒకటో రెండో వచన మాటలు, కాలువగట్టున నేర్చుకున్నవి, స్పష్టంగా చెప్పి తప్పుకునేవాడు. పెద్ద జీతం కాదు. కానీ ప్లేబ్యాక్ వచ్చి, గాయకులు తెర వెనక్కి వెళ్ళేదాకా, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు, పని దొరికింది. నాకు తెలిసి టాకీని ఆయన శత్రువుగా ఎప్పుడూ చూడలేదు. మాట రావడం వల్లే వినడానికి విలువ వచ్చిందని ఆయన నమ్మకం. నాదీ అదే.

"మాట చెవిలో పడగానే మొహం మారకూడదమ్మడూ," అని నేర్పేవాడు. "లోపలికి వెళ్ళనివ్వు. అది అక్కడ తగిలాక, అప్పుడు రానివ్వు. ముందే వస్తే అబద్ధం."

ఇంట్లో కూడా అలాగే వినేవాడు. బడినించి రాగానే మేమంతా పరుగెత్తేది ఆయన దగ్గరికే. లెక్కల మేష్టారు కొట్టాడని చెబితే, వెంటనే అయ్యో అనడు. చూస్తాడు. ఆ చూపు కిందికి దిగుతుంది. తర్వాత కనుబొమ కాస్త కదులుతుంది. అప్పటికి మనకి దెబ్బ నొప్పి సగం పోయేది. నేను ముప్ఫై ఏళ్ళకి పైగా పంతులమ్మగా పనిచేశాను. పిల్లలు నాకు చెప్పుకున్నన్ని సంగతులు ఇంట్లో కూడా చెప్పుకోలేదని వాళ్ళ తల్లిదండ్రులే అనేవారు. అది ఎక్కడ నేర్చుకున్నానో మీకు చెప్పక్కర్లేదు.

* * *

మాటల కాలాన్ని దాటి నిలబడ్డవాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఆయనకి ఇద్దరంటే గౌరవం. ఒకరు నెల్లూరి వై.వి. రావుగారు. మూకీల్లో హీరో. టాకీ వచ్చాక డైరెక్టరుగా నిలబడి, 1934లో కన్నడంలో మొదటి టాకీ సతీ సులోచన తీశారు, తర్వాత 1937లో అరవంలో చింతామణి తీశారు. రెండోవారు బొంబాయి సులోచన. అసలు పేరు రూబీ మేయర్స్. యూదుల అమ్మాయి, సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటరు. హిందుస్తానీ రాక టాకీల మొదట్లో వెనకబడి, భాష నేర్చుకుని తిరిగొచ్చి, తన మూకీలనే మళ్ళీ మాటలతో చేసింది.

ఒకసారి మా ఊళ్ళో హిందీ అనార్కలి మళ్ళీ ఆడింది, 1953లో వచ్చినది. తాతయ్య నన్ను కుర్చీ క్లాసుకి తీసుకెళ్ళాడు, అదే మొదటిసారి. నేను అనార్కలిని చూస్తున్నాను. సలీం తల్లి వచ్చినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అదిగో, ఆవిడే అనార్కలి." నాకు అర్థం కాలేదు. ఇంటికి నడుస్తూ చెప్పాడు. 1928లో మూకీ అనార్కలి ఆవిడే. 1935లో టాకీ అనార్కలీ ఆవిడే. ఇప్పుడు అదే కథలో తల్లి. "ఆవిడ మాట్లాడని చోట చూశావా?" అని అడిగాడు. చూడలేదన్నాను. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళాడు.

ఆయన మూకీల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనే రకం. మిగిలినదాన్ని వెండికోసం కరిగించేశారు. ఆలం ఆరాకే ప్రింటు లేదు, ఇక మావాటి సంగతేమిటి! దక్షిణాదిన తీసిన మూకీల్లో 1933 నాటి మార్తాండవర్మ మిగిలింది, అది కూడా కోర్టు గొడవలో చిక్కుకుని ఎవరూ ఆడించక ఓ మూల పడి ఉండబట్టి. దాన్ని నేను పెద్దయ్యాక ఒక ఉత్సవంలో చూశాను. మా తాతయ్య అందులో లేడని తెలుసు. అయినా ప్రతి గుంపులోనూ వెతికాను.

* * *

ఆయన చివరి ఏళ్ళలో విజయవాడ రేడియో వాళ్ళు పిలిచారు, పాత సినిమాల గురించి మాట్లాడమని. పావుగంట కార్యక్రమం. గీసి గీసి గడ్డం చేసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళాడు, ఎవరికి కనబడాలని? ప్రసారమయ్యే రోజు మా వసారా నిండా జనం. నాయనమ్మ రేడియో దగ్గరగా పీట వేసుకుని కూర్చుంది. కథల తాత అప్పటికి చూపు తగ్గి, మనవడి భుజం పట్టుకుని వచ్చాడు.

గొంతు వచ్చింది. నెమ్మదిగా, ఒత్తులు ఒత్తులుగా, కాలువగట్టు ఉచ్చారణ. ఆయన తన మూకీలో ఒక సీను చెప్పుకొచ్చాడు. యువరాజు చనిపోతున్నాడు, సేనాపతి అతని తలను ఒడిలో పెట్టుకుని ఏదో అంటాడు. ఏమన్నాడో ఇప్పుడు గుర్తులేదనీ, బహుశా ఏమీ అనలేదనీ రేడియోలో చెప్పాడు.

కార్యక్రమం అయిపోగానే కథల తాత కర్ర నేలమీద కొట్టాడు. "ఏమీ అనకపోవడమేమిటి? 'ప్రభూ, నా గుర్రాన్ని తీసుకోండి, నా ప్రాణాన్ని తీసుకోండి, నన్ను మాత్రం వెనక వదిలి వెళ్ళకండి' అన్నావు. ఊరూరా అన్నావు. జనం ఏడ్చారు."

"అది నువ్వన్నావు," అన్నాడు తాతయ్య.

"నువ్వు పెదాలు కదిపావు కాబట్టే నేనన్నాను!"

నాయనమ్మ విస్తళ్ళు వేసేదాకా తెగలేదు. అన్నాలకి కూర్చున్నాక కూడా, ఎన్ని మాటలకి పెదాలు కదిపాడో కథల తాత వేళ్ళమీద లెక్కపెట్టి చూపిస్తూనే ఉన్నాడు.